దిగిన ఫొటో

ఇంటర్ పరీక్షల మొదటి రోజు ఇన్విజిలేటర్ మేడం నా హాల్‌టికెట్ చేతిలోకి తీసుకుని ఫొటో చూసింది. నన్ను చూసింది. మళ్ళీ ఫొటో చూసింది. "ఇది నువ్వేనా అమ్మా?" అని అడిగింది. కోపంగా కాదు, నిజంగా అనుమానం వచ్చే అడిగింది. "నేనే మేడం" అన్నాను. సంతకం పెట్టి వెనక బెంచీకి వెళ్ళిపోయింది. నాకు మాత్రం చాలాసేపు ప్రశ్నపత్రం తలకెక్కలేదు.

ఆ ఫొటో హన్మకొండలో ఒక స్టూడియోలో దిగింది. దిగేటప్పుడు నా రంగు నాదే. స్టూలు మీంచి లేచి ముందు గదిలోకి వచ్చేసరికి కంప్యూటర్ దగ్గర కూర్చున్నతను మౌస్ అటూ ఇటూ జరిపి నన్ను తెల్లగా చేసేశాడు. ముక్కు పక్కనుండే పుట్టుమచ్చ కూడా చెరిపేశాడు. నన్ను అడగలేదు. అడగాలని అతనికి తోచి కూడా ఉండదు, వచ్చినవాళ్ళందరికీ అదే చేస్తాడు. అమ్మ కవర్లోంచి ఫొటోలు తీసి చూసి "మంచిగొచ్చినవ్ బిడ్డా" అని మురిసిపోయింది.

మూడేళ్ళ తర్వాత, హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్‌లో ఫొటోగ్రఫీ చదువుతున్నప్పుడు, మా సార్ ఒక పని ఇచ్చారు. ఎవరి ఫొటోలు వాళ్ళే తీసుకోవాలి, పది. ఆరు వారాల గడువు. ఫోన్ వద్దు, ఫిల్టర్ వద్దు, ఫొటో కింద ఒక్క ముక్క కూడా రాయొద్దు. ప్రింట్లు గోడకు పెడితే మనల్ని ఎన్నడూ చూడనివాళ్ళు వచ్చి చూస్తారు, ఈ మనిషి గురించి ఏం తెలిసిందో చెబుతారు. వినడానికి తేలికగా అనిపించింది. దసరా సెలవులు కలిసొచ్చాయి కాబట్టి కెమెరా, ట్రైపాడ్ పట్టుకుని వరంగల్ కొత్తవాడలో మా ఇంటికి వచ్చేశాను.

మొదటి వారం మొత్తం పాడు చేసుకున్నాను. వరంగల్ అమ్మాయిని కదా అని నేరుగా ఖిలాకు పోయాను. అమ్మ పట్టుచీర కట్టుకుని, కాకతీయుల కీర్తితోరణం కింద నిలబడి, తమ్ముడితో బటన్ నొక్కించాను. పొద్దున్నే ఆరున్నర వెలుతురు, నల్లరాతి మీద మంచు తడి, చూడ్డానికి ఎంతో బాగుంది. మర్నాడు వేయిస్తంభాల గుడి. ఆ పై రోజు భద్రకాళి చెరువు కట్ట. పన్నెండు ఫొటోలు ఏరి సార్‌కి పంపాను. సాయంత్రం ఫోన్ చేసి, "తోరణం చాలా బాగుందమ్మా. అందులోంచి నిన్ను తీసేసినా ఫొటోకి ఏమీ తక్కువ కాదు" అన్నారు. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. కానీ ఆయన మాట నిజం. ఆ తోరణం తెలంగాణ రాజముద్ర మీదే ఉంది. అందరి గుర్తు తెచ్చి నా గుర్తని చూపిస్తే ఎట్లా?

మర్నాడు అమ్మ దాచిన ప్లాస్టిక్ కవరు తీసి, నా పాస్‌పోర్ట్ సైజు ఫొటోలన్నీ చాప మీద వరుసగా పరిచాను. పదో తరగతి, బస్ పాస్, స్కాలర్‌షిప్, ఇంటర్, ఎంట్రన్స్. ఆధార్ కార్డు కూడా పక్కన పెట్టాను. మొత్తం తొమ్మిది మొహాలు. ఏ రెండింట్లోనూ రంగు ఒకటి కాదు. ఒకదాంట్లో గులాబీ, ఒకదాంట్లో సున్నం కొట్టినట్టు తెలుపు, ఆధార్‌లో కళ్ళు కూడా కనిపించని నలుపు. అన్నీ నన్ను గుర్తుపట్టడానికి ఇచ్చిన కార్డులే. రోజూ అద్దంలో కనిపించే మొహం ఒక్కదాంట్లోనూ లేదు. ముందు నా రంగు నాకు దొరకాలి, మిగతాది తర్వాత అనుకున్నాను.

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఇబ్బంది నా ఒక్కదానిది కాదు. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరుకు మనిషి తెలియదు. ముందున్నది ఏదైనా సరే, సగటున అది మధ్యరకం బూడిదరంగు అనుకుని లెక్క కడుతుంది. తెల్లగోడ ముందు నిలబడితే "అబ్బో, వెలుతురు ఎక్కువైంది" అని మొత్తం తగ్గించేస్తుంది. గోడ బూడిదరంగులోకి, నేను చీకట్లోకి పోతాం. పాస్‌పోర్ట్ ఫొటోకు తెల్లగోడ తప్పదు కాబట్టి నాలాంటి వాళ్ళం మొదటి దెబ్బకే నల్లబడతాం, దాన్ని దిద్దబోయి స్టూడియోవాళ్ళు సున్నం కొడతారు. అదే మొహానికి బాగా దగ్గరగా వెళ్ళి ఫ్రేమంతా చర్మమే నింపితే కథ తిరగబడుతుంది. ఈసారి మీటరు నా చామనఛాయను చీకటి అనుకుని తెల్లబరుస్తుంది. ఫిల్మ్ రోజుల్లో కొడాక్ కంపెనీ ల్యాబులకు రంగు సరిచూసుకోమని పంపిన షెర్లీ కార్డుల మీద దశాబ్దాల పాటు తెల్ల ఆడవాళ్ళ బొమ్మలే ఉండేవని క్లాసులో విన్నప్పుడు అదేదో దూరదేశం సంగతి అనుకున్నాను. చాప మీద తొమ్మిది ఫొటోలు పరుచుకున్నాక అట్లా అనిపించలేదు.

నాలుగు రోజులు అదే పని. తెల్లగోడ ముందు ఒక స్టాపు పెంచి (అంటే వెలుతురు రెట్టింపు చేసి), మెరూన్ దుప్పటి ముందు ముప్పావు స్టాపు తగ్గించి, ప్రతి ఫొటో పక్కన చిన్న అద్దం పెట్టుకుని సరిచూసుకున్నాను. ట్యూబులైటు కింద తీస్తే మొహం ఆకుపచ్చగా వస్తోందని దాన్ని ఆర్పేశాను. నాకు బాగా పనికొచ్చిన సంగతి ఒకటుంది: నల్లని చర్మం మీద మొహం తీరు నీడల్లో కన్నా మెరుపులో బాగా తెలుస్తుంది. దవడ ఎముక మీద, ముక్కు వంపు మీద, నుదుటి మీద వెలుగు ఎక్కడ జారి ఎక్కడ ఆగుతుందో అదే మొహం. అందుకే ఫ్లాష్ ఎదురుగా కొట్టకూడదు, వెడల్పాటి మెత్తని వెలుగు పక్కనుంచి రావాలి. తలుపు సగం తీసి, రెండో వైపు థర్మకోల్ షీటు నిలబెట్టి తీస్తే, మొదటిసారి స్క్రీను మీద నా రంగు వచ్చింది. పుట్టుమచ్చతో సహా. అమ్మకు చూపిస్తే, "నల్లగొచ్చినవ్ గదనే" అంది. "గిట్లనే ఉంట గదమ్మా" అన్నాను. "ఉంటవ్ గని, ఫొటోలన్న మంచిగ రావద్దా" అంది. అమ్మ నాకన్నా ఒక చాయ ఎక్కువ నలుపు. ఆమె పెళ్ళిచూపులకు పంపిన ఫొటో కూడా చేత్తో రంగు దిద్దినదే. ఈ పంచాయితీ మా ఇద్దరి మధ్య ఇంకా తెగలేదు.

రంగు దొరికింది కానీ ఫొటోలు దొరకలేదు. తలుపు పక్కన కూర్చుని ఎన్ని తీసినా అవి వెలుతురు పరీక్షల్లాగే ఉన్నాయి. నా మీద నాకే విసుగొచ్చి కెమెరా ఇంట్లోవాళ్ళ వైపు తిప్పాను.

మా మగ్గాల అర్ర పెంకుటిల్లే. కప్పులో ఒకచోట అద్దం పెంక ఉంది. పొద్దున పదిన్నర నుంచి దాదాపు ముప్పావుగంట అక్కణ్ణుంచి ఎండ ఒక పట్టీలా కిందకు దిగుతుంది. అర్రలో ఎప్పుడూ నూలు పొట్టు ఎగురుతుంటుంది కాబట్టి ఆ పట్టీ చేత్తో పట్టుకోవచ్చు అన్నట్టు కనిపిస్తుంది. ఒకరోజు బాపమ్మ, అంటే మా నాయనమ్మ, ఆ ఎండ పక్కన కూర్చుని కండెలకు నూలు చుడుతోంది. కొంగు జారింది, తల చెదిరింది, నోట్లో వక్క. ఇంతకన్నా సహజంగా ఏముంటుందని నాలుగు తీశాను. షట్టరు చప్పుడుకు తలెత్తింది. చూపించాను. చాలాసేపు చూసి కెమెరా నా చేతిలో పెట్టేసింది.

"ఇది నేను దిగిన ఫొటో గాదు. నువ్వు గుంజుకున్నవ్."

నేను నవ్వేశాను. ఆమె నవ్వలేదు. "నెత్తన్న దువ్వుకోలే, మొకమన్న కడుక్కోలే. ఫొటో దిగుడంటే మనిషి తయారుగావాలె. నన్ను అడిగినవా?"

ఆ మాట రాత్రంతా తిరిగింది. మూడేళ్ళుగా నేను నేర్చుకున్నదంతా ఫొటో తీయడం. మా ఇంట్లో, మా గల్లీలో, బంధువుల్లో అందరూ అనేది ఫొటో దిగడం. పుట్టినప్పటి నుంచి వింటున్న మాటే, ఎన్నడూ ఆగి చూడలేదు. తీసేవాడిది ఒక పని అయితే, దిగేవాళ్ళది ఇంకో పని. బాపమ్మకు ఆ రెండో పని చాలా పెద్దది. స్టూడియో సున్నం కొట్టినప్పుడు నాకు జరిగింది, నా కెమెరాతో ఆమెకు జరిగింది ఒకటే: అడగలేదు. ఆ నాలుగు ఫొటోలూ ఆమె ముందే చెరిపేశాను. వాటిలో ఒకటి నేను అప్పటిదాకా తీసినవాటిలో అన్నింటికన్నా బాగా వచ్చింది. అయినా చెరిపేశాను.

మర్నాడు అడిగాను. బాపమ్మ స్నానం చేసి, నేత చీర కట్టి, నెత్తికి నూనె పెట్టి, బొట్టు పెట్టుకుని, మొహం నిండా పౌడర్ కొట్టుకుని వచ్చింది. పౌడర్ చర్మం మీది మెరుపును చంపేస్తుంది, మొహం బూడిద పూసినట్టు వస్తుంది. నాలుగు రోజులు నేను నేర్చుకున్న పాఠమంతా ఆ పౌడర్ కింద పోయింది. తుడవమనడానికి నోరు తెరిచాను, మూసుకున్నాను. "దర్వాజ పెట్టు" అంది. గల్లీలో వాళ్ళు చూస్తుంటే దిగదట. ఆరో నిజాం దగ్గర ఆస్థాన ఫొటోగ్రాఫరుగా ఉన్న రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ళ కోసమే వేరుగా జనానా స్టూడియో పెట్టించాడని చదివాను, అక్కడ తీసేది కూడా ఒక ఆమే. ఆ తలుపు ఎందుకు మూసేవారో బాపమ్మ చెప్పకుండానే తెలిసింది.

తలుపు మూశాను. కుర్చీలో కూర్చుని రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుంది. కొంగు సర్దుకుంది. ఎటో చూసింది. నేను ఫోకస్ చేసి ఎదురుచూస్తున్నాను. నిమిషం పైనే గడిచింది. అప్పుడు నేరుగా లెన్సులోకి చూసి, మెల్లగా, "ఆఁ... దిగిన. తియ్యి" అంది.

ఒక్కటే తీశాను.

బాపు సంగతి ఇంకో రకం. జర్మనీలో ఆగస్ట్ సాండర్ అనే ఆయన మనుషుల్ని వాళ్ళ పనితో కలిపి తీశాడు, రొట్టెలు చేసేవాడు, ఇటుకలు మోసేవాడు, రైతు, ఇట్లా. క్లాసులో అవి చూసినప్పటి నుంచి నా మనసులో ఒకటే బొమ్మ: మగ్గం గుంతలో బాపు, చేతిలో నాడె, ముందు సగం నేసిన జంపఖానా. చెబితే తల అడ్డంగా ఊపాడు. "ఎవ్వలచ్చినా మగ్గం మీదనే తీస్తరు. పేపరోళ్ళు, టీవోళ్ళు, కాలేజి పోరగాండ్లు. 2018ల జంపఖానలకు ఈ ఊరి సరుకని గా జీఐ గుర్తింపు వచ్చినంక ఇంకా ఎక్కువైండ్రు. మగ్గం లేకుంట నాకు ఒక్క ఫొటో లేదు బిడ్డా." పోనీ వెనకాల గోడకు జంపఖానా కడతానన్నాను. "అది సరుకు. అమ్మేది నా ఎనుక ఎందుకు?" అన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కుని, జేబులో పెన్ను పెట్టుకుని, నీలం దుప్పటి ముందు నిలబడ్డాడు. పెన్ను ఎందుకని అడగలేదు. బాపు ఏడో తరగతిలో బడి మానేసి మగ్గంలోకి దిగిన సంగతి నాకు తెలుసు.

ఇద్దరూ వాళ్ళ ఫొటోలు వాళ్ళు దిగారు. నావి మాత్రం మిగిలిపోయాయి.

ఒంటరిగా తీసుకునేటప్పుడు మొదటి కష్టం ఫోకస్. లెన్సు ఎఫ్ 2 దగ్గర తెరిచి (ఈ అంకె ఎంత పెరిగితే లెన్సు కన్ను అంత మూసుకుంటుంది), మీటరున్నర దూరంలో కూర్చుంటే స్పష్టంగా కనిపించే మేర నాలుగు వేళ్ళ మందం కన్నా ఉండదు. అక్కడ నేను లేను కాబట్టి ఫోకస్ దేని మీద చేయాలి? బాపు దగ్గర ఒక పోగు అడిగి తీసుకుని ఒక కొస లెన్సుకు కట్టాను. రెండో కొస లాగి పట్టుకుని ఒక కండెను నిలబెట్టాను, దాని మీద ఫోకస్ చేశాను. తర్వాత కండె తీసేసి, అదే పోగు కొస నా ముక్కుకు ఆనేలా కూర్చుని, పోగు వదిలేశాను. కొలత తప్పలేదు. పది సెకండ్ల టైమరుతో రెండు రోజుల్లో రెండు వందల నలభై తీశాను. రంగు సరిగ్గా ఉంది, ఫోకస్ సూదిమొనలా ఉంది. కానీ అన్నింట్లోనూ కళ్ళు లెక్కలు వేస్తున్నాయి. ఇంకెన్ని సెకండ్లు, గడ్డం ఎత్తాలా, మెడ వంగిందా. బాపమ్మ స్క్రీను చూసి, "కూసున్నవ్ గని దిగలే" అని తేల్చేసింది.

అప్పుడు గుర్తొచ్చింది 1839లో ఫిలడెల్ఫియాలో తమ దీపాల కొట్టు వెనక నిలబడి తన ఫొటో తానే తీసుకున్న రాబర్ట్ కార్నీలియస్. అప్పటి పలకలకు నిమిషాల తరబడి వెలుతురు తాగితే గానీ బొమ్మ రాదు. అంతసేపు ఎవరూ ఫొటో కోసం పెట్టిన మొహాన్ని నిలబెట్టలేరు. నాకు కావలసింది అదే అనిపించింది. అద్దం పెంక ఎండ పోయాక అర్రలో మిగిలే మసక వెలుతురులో, ఐఎస్‌ఓ 100, ఎఫ్ 16 పెడితే మీటరు ఎనిమిది సెకండ్లు చూపించింది. కెమెరాను, బటన్ పట్టుకున్నంతసేపు షట్టరు తెరిచి ఉండే బల్బ్ మోడ్‌లో పెట్టి, వైరు రిమోట్ బాపమ్మ చేతికిచ్చి, "నొక్కి పట్టుకుని ఎనిమిది లెక్కపెట్టి వదిలెయ్ బాపమ్మా" అన్నాను.

ఆమె వాళ్ళ పుట్టింట్లో వడ్లు కొలిచిన మనిషి. ఒకటి అనదు.

"లాభం..." అంది. ఆగింది. కుంచం నింపి, చేత్తో సాపు చేసి, గుమ్మరించేంత సేపు ఆగింది. "రెండు..." నేను కదలకుండా కూర్చున్నాను. "మూడు..." పెదాల చివర పెట్టుకున్న చిరునవ్వు బరువెక్కింది. "నాలుగు..." అది జారిపోయింది. "అయిదు... ఆరు..." ఏడు అనే మాట నోట పలకదు, అందులో ఏడుపు ఉందని. "ఆరున్నొక్కటి..." అంది, సాగదీసి. అప్పటికి కెమెరా ఉందన్న సంగతే నా ధ్యాసలో లేదు. ఆ గొంతు వింటున్నానంతే. "ఎన్మిది." బటన్ వదిలింది.

పన్నెండున్నర సెకండ్లు. ఫొటో తెల్లబారింది. కొంచెం తొందరగా లెక్కపెట్టమని అడిగితే, "కుంచానికి కుంచం కొలుస్తరు, ఉరుకులాట లేదు" అంది. బాపమ్మ లెక్క మారదు కాబట్టి నేనే లెన్సును ఎఫ్ 20కి మూశాను. వెలుతురు సరిపోయింది.

ఆ ఫొటోలో నా భుజాల అంచులు ఊపిరికి మసకబారి ఉన్నాయి. చెవి దగ్గరి వెంట్రుక ఫ్యాను గాలికి రెండు మూడు చోట్ల కనిపిస్తుంది. రెప్పలు ఎన్నిసార్లు కొట్టానో ఆ గుర్తేమీ లేదు, కళ్ళు తెరిచే ఉన్నాయి, కాస్త మెత్తగా. పుట్టుమచ్చ ఉన్నచోటే ఉంది. అట్లాంటివి తర్వాతి వారాల్లో ఇంకా తొమ్మిది తీశాం, వేరే వేరే వెలుతురుల్లో, ప్రతిసారీ లాభం నుంచి ఎనిమిది దాకా.

గోడకు పెట్టిన రోజు సార్ మూడింటిని పక్కన పెట్టేశారు, అవి చెప్పిందే చెబుతున్నాయని. ఒప్పుకున్నాను. చూడటానికి వచ్చినవాళ్ళలో ఒకాయన ఆ మొదటి ఫొటో ముందు చాలాసేపు నిలబడ్డాడు. "ఈ అమ్మాయి ఎవరి మాటో వింటోంది" అన్నాడు. నేను ఎవరో ఆయనకు తెలియదు, వెనకే ఉన్నానని కూడా తెలియదు. బయట వరండాలోకి వెళ్ళి బాపుకు ఫోన్ చేసి, బాపమ్మకు ఇవ్వమన్నాను. ఏం చెప్పాలో తెలియక తిన్నావా అని అడిగి పెట్టేశాను.

సంక్రాంతికి ప్రింట్లు పట్టుకుని ఇంటికి పోయాను. బాపు తనది ఫ్రేము కట్టించుకున్నాడు, నీలం దుప్పటి, పెన్నుతో సహా. బాపమ్మ తన ఫొటోను వెలుతురుకు పట్టి చూసుకుంది. పౌడర్ వల్ల మొహం కొంచెం బూడిదగా ఉందని నాకు తెలుసు, ఆమెకు అదేమీ పట్టలేదు. "ఇది మంచిగ దాచు. రేపు దండ ఏసేది దీనికే. ఆధార్ కార్డుది పెద్దగ చేపిచ్చిన్రంటే ఊకోను" అంది. అట్లా అనకు అత్తమ్మా అని అమ్మ కసిరింది. ఇప్పుడే గోడకు పెడదామని నేను మేకు తెచ్చాను. వద్దంది. "బతికున్నోళ్ళకు గోడ ఎందుకే?"

తన సందుగ తీసింది. అడుగున పాత చీర మడతలో తాత ఫొటో ఉంది, వరంగల్ ఆజంజాహీ బట్టల మిల్లు పాసుది, బొటనవేలంత. ఆ మిల్లు 2002లో మూతపడింది, పాసు మీద స్టాంపు సగం తాత నుదుటి మీదే పడి ఉంది. ఆయన ఇంకో ఫొటో దిగలేదు. దాని మీద తన ఫొటో పెట్టింది. తర్వాత నా చేతిలో ఉన్నది అందుకుంది, తను లెక్కపెట్టి తీసింది, ఒకసారి చూసి, "ఇప్పుడు దిగినవ్" అని, దాన్ని కూడా అదే మడతలో పెట్టి, కర్పూరం బిళ్ళ ఒకటి వేసి మూత పెట్టేసింది.